ఏడుపక్కయ్య ఇంగ్లిష్ వార్తలు

పోయిన వారం వానకి జూబ్లీ హిల్స్ చెక్‌పోస్టు దగ్గర, మెట్రో స్టేషన్ కింద ఇరుక్కుపోయాను. ఇరుక్కోవడం నాకు కొత్తేమీ కాదు. కథ మధ్యలో ఇరుక్కుంటాను, మాట మధ్యలో ఇరుక్కుంటాను, పెళ్ళికి కుట్టించుకున్న సూటులో ఏడాదికోసారి ఇరుక్కుంటాను. ఈసారి నాతోపాటు సగం ఊరు ఇరుక్కుంది కాబట్టి అంత నామోషీ అనిపించలేదు. రెయిన్‌కోటు ఉండి తడిసినవాళ్ళు, లేక తడిసినవాళ్ళు, అందరం స్తంభాల చుట్టూ చేరి రోడ్డు మీద నీళ్ళు పెరగడం చూస్తున్నాం. నా పక్కన మెడలో ఆఫీసు కార్డు వేలాడుతున్న కుర్రాడొకడు ఫోన్లో ఇంగ్లిష్ వార్తలు పెట్టాడు. అందులో ఒకావిడ, ఎక్కడో పొడిగా కూర్చుని, హైదరాబాదులో “అన్‌ప్రిసిడెంటెడ్ రెయిన్స్” అంది.

నేను పకపకా నవ్వాను. వానలో ఒంటరిగా నవ్వే మగవాడికి రెండడుగుల ఖాళీ వెంటనే దొరుకుతుంది. నాకూ దొరికింది.

“ఏమైందన్నా?” అన్నాడు ఆ కుర్రాడు, కాస్త దూరం నుంచే.

“ఏం లేదు తమ్ముడూ. బయట అన్‌ప్రిసిడెంటెడ్‌గా పడుతోంది.”

“అవునన్నా, మస్తు పడుతుంది,” అన్నాడు.

అతనికి ఏ అనుమానమూ రాలేదు. ఆ మాటకి ‘మునుపెన్నడూ లేని’ అని అర్థమని నిఘంటువు చెబుతుంది. ‘కుండపోత’ అని అక్కయ్య చెప్పేది. ఈ విషయం మీద మేమిద్దరం ఫిల్మ్ నగర్ వీధుల్లో ఎన్నిసార్లు వాదించుకున్నామో! ఇదిగో, ఇన్నాళ్ళకి, ఆవిడ లేని ఊళ్ళో, ఆవిడే గెలిచింది.

అక్కయ్య పేరు రాయను. ఆవిడ పేరు ఏ సినిమా టైటిల్స్‌లోనూ తిన్నగా పడలేదు. ఒకచోట అక్షరం తప్పు, ఒకచోట ఇంటిపేరు తప్పు, చాలా చోట్ల అసలు మనిషే గైర్హాజరు. ఇప్పుడు నేను సరిగ్గా వేసి ఆవిడ అలవాటు చెడగొట్టడం దేనికి? డబ్బింగ్ థియేటర్లలో అందరూ ఆవిణ్ణి ‘ఏడుపక్కయ్య’ అనేవారు. వెనకాల కాదు, ముందే. ఆవిడే ఫోనెత్తి, “ఆఁ, ఏడుపక్కయ్యనే, చెప్పు నాయనా,” అనేది.

తెర మీద తల్లులు, అత్తలు, వదినలు, పక్కింటి పిన్నులు ఏడ్చిన ఏడుపుల్లో పెద్ద వాటా ఆవిడదే. ముఖం వాళ్ళది, గొంతు ఈవిడది. రక్తదానం చేసినవాళ్ళని చూశాం, నేత్రదానం చేసినవాళ్ళని చూశాం. నాకు తెలిసినంతలో అసలైన వాగ్దానం చేసింది మాత్రం ఈవిడే. వాక్కునే దానమిచ్చేసింది.

మైకు ముందుకి రాగానే చెప్పులు విప్పేది. కొంగు బొడ్లో దోపేది. అద్దం అవతల కూర్చున్న ఇంజినీరు వైపు తిరిగి, “ఏ ఏడుపు కావాలి నాయనా? అప్పగింతల ఏడుపా, ఆస్పత్రి ఏడుపా, కొడుకు ఫస్టున పాసైన ఏడుపా?” అని అడిగేది. వాళ్ళు చెప్పేవారు. పొట్ట మీద అరచెయ్యి పెట్టుకుని మొదలెట్టేది. విన్నవాడి గుండె జారి పొట్టలో పడాల్సిందే. ఆవిడ కళ్ళు మాత్రం పొడిగా, తెర మీది పెదాల్ని పట్టుకుని ఉండేవి. టేక్ ఓకే అనగానే అదే గొంతు, అదే శ్వాసలో, “టీ వచ్చిందా?” అనేది.

ఆవిడ నాకెలా తెలుసంటే, నేనూ ఆ పెదాల మీదే బతికేవాణ్ణి. పరభాషా చిత్రాలకి తెలుగు మాటలు రాస్తాను. తెర మీద మనిషి పెదాలు మూసిన చోటల్లా నేను ప, బ, మ లలో ఏదో ఒకటి పెట్టాలి. అక్కడివాడు గంభీరంగా నోరు మూసి తెరిస్తే ఇక్కడ నేను “బాబోయ్” అనైనా అనిపించాలి. అర్థం సంగతి తర్వాత చూసుకోవచ్చు. నా సాహిత్యం పెదవి దాటలేదని మిత్రులు ఎగతాళి చేస్తారు. దాటితే సింక్ పోతుందని, పెదవికీ మాటకీ పొత్తు చెడుతుందని వాళ్ళకేం తెలుసు?

అక్కయ్య మనిషి కళ్ళలోకి చూసి మాట్లాడేది కాదు. పెదాలు చూసేది. మొదటిసారి మా ఇంటికి వచ్చి వెళ్ళాక మా ఆవిడ, “ఆవిడేంటండీ, నేను లిప్‌స్టిక్ వేసుకున్నానా లేదా అని తేల్చుకునే దాకా కదలలేదు,” అంది. పెరుగు ప్యాకెట్టు కొనడానికి వెళ్తే, కొట్టువాడు చిల్లర లేదని చెప్పబోతుండగా, అతని మాట అతని కంటే అరక్షణం ముందే ఆవిడ నోట్లోంచి వచ్చేది, అదీ అతని గొంతుతో. అతను ఉలిక్కిపడి గల్లాపెట్టె అంతా వెతికి చిల్లర ఇచ్చేవాడు.

ఇలాంటి మనిషికి ఉన్నట్టుండి ఇంగ్లిష్ అవసరం పడింది.

ఒకరోజు ఓ యువ దర్శకుడు తన ఓటీటీ సిరీస్ పని మీద డబ్బింగ్ థియేటర్‌కి వచ్చాడు. సోఫాలో కాళ్ళు ముడుచుకుని కూర్చుని, టీలో పంచదార ఎక్కువైందని అందరినీ దులిపేస్తున్న అక్కయ్యని చూశాడు. అతని కథలో జూబ్లీ హిల్స్‌లో పెద్ద వ్యాపార కుటుంబం ఒకటుంది. ఆ ఇంటి పెద్దావిడ ఒక సీన్లో మెట్ల మీదికి వచ్చి పత్రికలవాళ్ళతో ఇంగ్లిష్‌లో మాట్లాడాలి. “ఈ ముఖమే కావాలి నాకు,” అన్నాడు అక్కడికక్కడే.

జీవితమంతా గొంతుగా బతికిన మనిషిని, మొదటిసారి ముఖంగా అడిగారు. అక్కయ్య సిగ్గుపడింది. కొంగు సర్దుకుంది. అంతలో అతను ఇంకో మాట అన్నాడు.

“ఇంగ్లిష్ గురించి టెన్షన్ పడకండి మేడమ్. సెట్లోనే సౌండ్ తీసుకుంటాం. రాకపోతే పెదాలు కదిపెయ్యండి. తర్వాత వేరే వాయిస్ వేయించేద్దాం.”

నేను అక్కడే ఉన్నాను. అక్కయ్య ముఖంలో అన్ని దీపాలూ ఆరిపోవడం చూశాను. అతను వెళ్ళాక కప్పు కింద పెట్టి నా వైపు తిరిగింది.

“విన్నావా అబ్బాయ్? నాకు డబ్బింగట! ఊరందరికీ నేను గొంతిచ్చాను. నాకు ముఖం దొరికిన ఒక్క రోజున ఎవత్తో వచ్చి దాని మీద గొంతు పెడుతుందట!”

“ఒక్క పేజీ డైలాగే కదక్కయ్యా. నేను తెలుగు లిపిలో రాసిస్తాను, బట్టీ పట్టేయ్.”

“నీ రాతలు నాకు తెలుసు. ప, బ, మ తప్ప ఏముంటాయి? వద్దు. నేర్చుకుంటాను. నాకెలా వచ్చో అలాగే నేర్చుకుంటాను.”

ఆవిడకి వచ్చిన పద్ధతి ఒకటే. తెర ముందు నిలబడాలి. మొదటిసారి వినాలి. రెండోసారి బొమ్మ వస్తుంది, ధ్వని రాదు. ఆ పెదాలకి మాట మనం ఇవ్వాలి. అలా తిరిగి తిరిగి వచ్చే ముక్కని లూపు అంటారు. తమిళం కొంత, కన్నడం కొంత ఆవిడ అలాగే పట్టేసింది. ఇంగ్లిష్‌కి తెర ఏదీ అంటే వార్తలు. “ఆ వార్తలమ్మాయి ఎంత మంచిపిల్లో చూశావా?” అంది. “తల తిప్పదు. పరిగెత్తదు. చెట్టు వెనక్కి వెళ్ళదు. ముఖం మీద జుట్టు పడదు. అరగంటకోసారి మళ్ళీ వచ్చి అవే ముక్కలు చెబుతుంది. ఇంత చక్కటి లూపు ఏ హీరోయినిచ్చింది నాకు?”

ఇంట్లో ఒక్కతే కూర్చుని మాట్లాడ్డం ఆవిడకి చేతకాదు. అద్దం అవతల ఎవరో ఒకరు ఉండాలి. అందుకని ఆవిడ ఉండే వాటా కిందనే ఉన్న సుగుణక్క టిఫిన్ సెంటర్‌కి మకాం మార్చింది. ఫిల్మ్ నగర్ వాలు దిగేచోట, రెండు బల్లలు, ఒక టీవీ, పాలిథిన్ కవరు తొడిగిన ఒక రిమోటు. పొద్దున్నే షూటింగులకు వెళ్ళే లైట్‌మెన్లు, జూనియర్ ఆర్టిస్టులు, సహాయ దర్శకులు అక్కడే ఇడ్లీ తిని వెళ్తారు.

మొదటి రోజు నేను లేకపోతే జీవితంలో పెద్ద లోటు ఉండిపోయేది. అక్కయ్య ఏడున్నర వార్తలు శ్రద్ధగా విన్నది. ఎనిమిదికి మళ్ళీ హెడ్‌లైన్లు రాగానే రిమోటు నొక్కి ధ్వని తీసేసింది. చెప్పులు విప్పింది. కొంగు దోపింది. పొట్ట మీద చెయ్యి పెట్టుకుంది. తెర మీది అమ్మాయి నోరు తెరవగానే అక్కయ్య, “గుడ్ మార్నిం...గ్,” అంది.

ఆ ‘గుడ్ మార్నింగ్’లో కన్నకొడుకుని జైలుకి పంపిన తల్లి ఉంది. తర్వాత ఎక్కడో వంతెన ప్రారంభించారు. ఆ వంతెన గురించి ఆవిడ చెబుతుంటే ఒక జూనియర్ ఆర్టిస్టు ప్లేటు కింద పెట్టేశాడు. రూపాయి విలువ పైసా తగ్గిన దగ్గర గొంతు జీరబోయింది. వాతావరణం దగ్గర వెక్కిళ్ళు వచ్చాయి.

సుగుణక్క గరిటెతోనే బయటికి వచ్చింది. “ఏందమ్మా గిది? వార్తలు చదువుతున్నవా, సావు కాడ ఏడుస్తున్నవా? తినేటోళ్ళకు ఇడ్లీ గొంతు దిగుతలేదు!”

“ఏం చెయ్యను సుగుణా? నోరు తెరిస్తే అదే వస్తోంది.”

“జర నవ్వుకుంట చెప్పరాదు?”

“నవ్వితే వార్తలెలా అవుతాయే?”

“అయితే నవ్వకు, ఏడ్వకు. నడిమిట్ల ఉండు. నేను గిరాకీతోని ఉంటలేనా గట్ల?”

ఆ నడిమి గొంతు కోసం అక్కయ్య పడిన పాట్లు అన్నీ ఇన్నీ కావు. ఏడుపు ఒక మూలనుంచి తోసేస్తే ఇంకో మూలనుంచి వచ్చేది. టిఫిన్ సెంటరు జనం దాన్ని తమ సొంత వ్యవహారంగా తీసుకున్నారు. యాదగిరి అని ఒక లైట్‌మన్ ఉండేవాడు. అక్కయ్య గొంతు ఏమాత్రం వణికినా దోసె ముక్క పైకెత్తి “వన్ మోర్!” అని అరిచేవాడు. “సింక్ ముందొచ్చింది,” అనేవాడొకడు. “అమ్మా, ఆ మంత్రిగారి ముక్కకి ఊపిరి వినపడింది,” అనేవాడొకడు. రోజూ పనిచేసే చోట డైరెక్టర్లు వాళ్ళననే మాటలన్నీ పొద్దున్నే ఆవిణ్ణి అనేసి తేలిగ్గా పనుల్లోకి వెళ్ళేవారు. టీ మళ్ళీ తాగేవారు. సుగుణక్క గిరాకీ పెరిగింది, ఫిర్యాదులు తగ్గాయి.

మాటలు పోగయ్యాయి. వాటికి అర్థాలు కూడా కావాలి కదా, అక్కడొచ్చింది చిక్కు. అక్కయ్య ఎవర్నీ అర్థం అడిగేది కాదు. మాట వచ్చినప్పుడు తెర మీద ఏ బొమ్మ ఉందో అదే దాని అర్థం. వరద బొమ్మ పడినప్పుడల్లా ‘అన్‌ప్రిసిడెంటెడ్’ అన్నారు. కాబట్టి అది కుండపోత. ‘ఇనాగరేట్’ అన్నప్పుడల్లా ఎవరో కత్తెరతో రిబ్బను కోశారు. కాబట్టి, “సొరకాయ ఇనాగరేట్ చేసి పెట్టాను, వచ్చి పోపు వెయ్యి,” అని సుగుణక్కతో అనేది. పొడుగాటి బల్ల, మూత తియ్యని నీళ్ళ సీసాలు, ఎదురెదురుగా కూర్చున్న కోటు మనుషులు – వాళ్ళు ‘స్టేక్‌హోల్డర్స్’. ఒక నిర్మాత ఆఫీసుకి వెళ్ళి వచ్చి, “ఇవాళ పని జరగదబ్బాయ్. లోపల స్టేక్‌హోల్డర్స్ కూర్చున్నారు, నీళ్ళ సీసాలు చూశాను,” అంది. నిజంగానే ఆ రోజు పని జరగలేదు.

అన్నిటికంటే ముద్దొచ్చేది ‘అలెజ్డ్’. ‘అలా చేశాడని ఆరోపణ ఉన్న’ అని దాని అర్థం. కానీ ఆ మాట వచ్చినప్పుడల్లా పోలీసుల మధ్య ముఖానికి గుడ్డ కట్టుకున్న మనిషే కదా కనిపించేది. మన ఊళ్ళో అమ్మాయిలు స్కూటీ మీద ఎండకి ముఖమంతా చున్నీ చుట్టుకుని వెళ్తారు. ఒకరోజు అక్కయ్య అలాంటి ఇద్దరు పిల్లల్ని చూసి మెచ్చుకోలుగా, “ఎంత చక్కగా అలెజ్డ్ అయి వెళ్తున్నారో చూడు, చర్మం కందకుండా,” అంది.

“అక్కయ్యా, ఆ మాటకి అర్థం అది కాదు,” అని ఫోన్లో నిఘంటువు తీసి చదివాను.

పెదాలు చూస్తూ ఓపిగ్గా విన్నది. “మరి ఆ మాటన్నప్పుడల్లా ముసుగు మనిషే ఎందుకొస్తాడు?”

“అంటే... నేరం రుజువు కాలేదు కాబట్టి...”

“నీ డిక్షనరీలో బొమ్మల్లేవబ్బాయ్. అందుకే నీకిలా ఉంది,” అని తేల్చేసింది.

కొన్నాళ్ళకి ఆ టిఫిన్ సెంటర్ మొత్తం వార్తల్లోకి ఎక్కింది. పల్లీలు పిరమై ధర మండిపోతోందని సుగుణక్క పల్లీ చట్నీ ఆపేస్తే, అక్కయ్య ఆవిడతో కాసేపు గుసగుసలాడి, మా వైపు తిరిగి, నడిమి గొంతుతో, “టాక్స్ హావ్ కొలాప్స్‌డ్,” అని ప్రకటించింది. చర్చలు విఫలమయ్యాయట! “రేపు ఉంటదా అక్కా?” అని యాదగిరి దీనంగా అడిగాడు. సుగుణక్క పెనం మీద నీళ్ళు చల్లుతూ, “సోర్సెస్‌ను అడగాలె,” అంది. మర్నాడు చట్నీ వచ్చింది. “సిచువేషన్ ఈజ్ టెన్స్, బట్ అండర్ కంట్రోల్,” అంది అక్కయ్య గిన్నెలో మిగిలింది చూసి. పరిస్థితి ఉద్రిక్తం, కానీ అదుపులోనే. ఆవిడకి బాగా నచ్చిన వాక్యం అదే. ఎక్కడ గొడవ జరిగినా చివర్లో అదే వచ్చేది మరి. గ్యాస్ అయిపోయినా, వర్షానికి షెడ్డు కారినా, నా డైలాగుల్ని నిర్మాత తిప్పి పంపినా అక్కయ్య అదే అనేది. నిజం చెప్పొద్దూ, ధైర్యంగా ఉండేది.

షూటింగ్ రోజు రానే వచ్చింది. “నువ్వూ రా అబ్బాయ్. ఎదురుగా తెలిసిన పెదాలు ఒక జత ఉండాలి,” అని నన్ను తీసుకెళ్ళింది. జూబ్లీ హిల్స్‌లో షూటింగులకిచ్చే ఇల్లు అది. ఎంత పెద్దదంటే గేటు నుంచి గుమ్మం దాకా నడిచేసరికి నాకు తాగిన టీ అరిగిపోయింది. అక్కయ్యకి పట్టుచీర కట్టారు, ముత్యాలు వేశారు, జుట్టులో తెల్లదనం పెంచారు. మెట్ల మీద నిలబడితే ఇల్లు నిజంగా ఆవిడదే అనిపించింది. కింద మైకులు పట్టుకుని విలేకరుల వేషాల్లో ఒక గుంపు.

అంతలో దర్శకుడు వచ్చి, “మేడమ్, ఒక చిన్న ఛేంజ్. ఆ పేజీ వద్దు. బట్టీ పట్టినట్టు ఉంటుంది. వీళ్ళు ఏవో ప్రశ్నలు వేస్తారు, మీరు ఇంగ్లిష్‌లో తోచింది చెప్పండి. ఆఖర్న పెద్దబ్బాయి ఇల్లొదిలేసిన ప్రశ్న వస్తుంది. అక్కడ మాత్రం ఏడ్చేయండి. అది మీకు చెప్పక్కర్లేదుగా!” అని నవ్వి వెళ్ళిపోయాడు.

పక్కనున్న పూలకుండీ అంచు పట్టుకున్నాను. నటించేది ఆవిడ, ఆసరా వెతుక్కునేది నేను.

యాక్షన్ అన్నారు. పదిమంది ఒక్కసారి మైకులు దూర్చి అరిచారు. అక్కయ్య చూపు ఒక నోటి నుంచి ఇంకో నోటికి, అక్కణ్ణుంచి మరో నోటికి గంతులేసింది. ఇన్ని పెదాలు ఒకేసారి ఏ లూపులోనూ రాలేదు. నోరు తెరిచింది. మాట రాలేదు. కట్ అన్నారు. మళ్ళీ యాక్షన్. మళ్ళీ మౌనం. నాకేసి చూసింది. నా పెదాలు పనికొచ్చేది అప్పుడే, కానీ అవి ఆరిపోయి అంటుకుపోయి ఉన్నాయి.

దర్శకుడు మంచివాడు. మెల్లిగా దగ్గరికొచ్చి, “పర్లేదు మేడమ్, ఊరికే పెదాలు కదపండి. తర్వాత వేరే వాయిస్...”

ఆ మాట పూర్తి కాలేదు. అక్కయ్య చెప్పులు విప్పేసింది. పట్టుచీర కొంగు బొడ్లో దోపేసింది. కాస్ట్యూమ్స్ అమ్మాయి కెవ్వుమంది.

“కెమెరా నా ముఖానికి ఎదురుగా పెట్టు నాయనా,” అంది. “నువ్వూ వార్తలమ్మాయిని తీసినట్టు తియ్యి. వీళ్ళని ఒక్కొక్కళ్ళనే అడగమను. మొదటి ప్రశ్న అతను అడగాలి,” అని లైట్ల వైపు వేలు చూపించింది.

అక్కడ లైటు స్టాండు పక్కన యాదగిరి. ఆ రోజు అతని డ్యూటీ ఇక్కడే పడింది. అతని చేతికి మైకు ఇచ్చి గుంపులో నిలబెట్టారు. యాదగిరి గొంతు సవరించుకుని, తన దగ్గరున్న ఇంగ్లిష్ మొత్తం బయటికి తీశాడు: “మేడమ్! వాట్ ఈజ్ ద పొజిషన్?”

అక్కయ్య ముఖంలోకి టిఫిన్ సెంటర్ వచ్చేసింది. “టాక్స్ ఆర్ కంటిన్యూయింగ్,” అంది, నడిమి గొంతుతో.

“మీ కొడుకులు ఆస్తి కోసం కొట్టుకుంటున్నారట కదా?” అని ఇంగ్లిష్‌లో రెండో విలేకరి.

“ఆల్ స్టేక్‌హోల్డర్స్ విల్ సిట్. వాటర్ విల్ బి గివెన్.”

సెట్లోవాళ్ళు మెచ్చుకోలుగా తలలూపారు. నీళ్ళు ఇవ్వడం! ఎంత అహంకారం, ఎంత చల్లదనం! ఆ మూత తియ్యని సీసాల సంగతి వాళ్ళకేం తెలుసు?

“మీ మేనేజరు డబ్బు కాజేశాడని...”

“అలెజ్డ్,” అంటూ అక్కయ్య కొంగు తీసి ముక్కు దాకా కప్పుకుంది. కళ్ళు మాత్రం కనిపిస్తున్నాయి. మేనేజరు మీద అసహ్యంతో అలా చేసిందని కెమెరామన్ తర్వాత అందరికీ వివరించాడు. నేను పూలకుండీ వెనక్కి వెళ్ళి జేబురుమాలు నోట్లో కుక్కుకున్నాను.

అప్పుడు ఆఖరి ప్రశ్న వచ్చింది. మీ పెద్దబ్బాయి ఇల్లు వదిలి వెళ్ళిపోయాడట, నిజమేనా?

దర్శకుడు రెండు చేతులూ కళ్ళ కింద ఆడిస్తూ సైగ చేశాడు. నేను అక్కయ్య అరచెయ్యి చూశాను. అది పొట్ట వైపు కదిలింది. సగంలో ఆగింది. కిందికి దిగిపోయింది. ముందు బల్ల లేదు, కాగితాలూ లేవు. అయినా రెండు చేతులతో ఆ లేని కాగితాల్ని దగ్గరికి లాగి, అంచులు సరిచేసింది. తల ఎత్తింది.

“సిచువేషన్ ఈజ్ టెన్స్,” అంది. వార్తలమ్మాయి తీసుకునేంత విరామం తీసుకుంది. “బట్ అండర్ కంట్రోల్. గుడ్ ఈవినింగ్.”

పగలు పదకొండు గంటలు. ఎవరూ నవ్వలేదు. వెనక్కి తిరిగి ఆ పెద్ద ఇంట్లోకి వట్టి కాళ్ళతో నడిచి వెళ్ళిపోయింది. దర్శకుడికి కట్ చెప్పాలని గుర్తు రావడానికి కాసేపు పట్టింది.

“అద్భుతం మేడమ్! కానీ... ఏడవలేదేం?” అంటూ వెనకే పరిగెత్తాడు.

అక్కయ్య చెప్పులు వెతుక్కుంటోంది. “ఏడుపు కావాలా నాయనా? దానికేం, పెదాలు కదిపాను కదా. తర్వాత వేరే వాయిస్ వేసుకో,” అంది. ఆ తర్వాత అదే శ్వాసలో, “టీ వచ్చిందా?”

వేరే వాయిస్ ఎవరూ వెయ్యలేదు. సిరీస్ వచ్చిన రోజు పొద్దున టిఫిన్ సెంటర్‌లో యాదగిరి ఫోన్ని సాంబారు గిన్నెకి ఆనించి పెట్టాడు. అందరం మీద పడి చూశాం. అక్కయ్య తన ముఖం చూసుకోలేదు. అలవాటు ప్రకారం పెదాలు చూసింది. చూస్తూ, చప్పుడు లేకుండా తన పెదాలు కదిపింది. సీను అయిపోయాక, “సింక్ బాగానే ఉంది,” అంది. ఆ తర్వాత కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుంది. సుగుణక్క గభాలున, “అమ్మ అలెజ్డ్ అయింది! ఎవ్వరు చూడకున్రి!” అని అందర్నీ అటు తిప్పేసింది.

అక్కయ్య పోయి కొన్ని నెలలైంది. నిద్రలో, ఏ హడావిడీ లేకుండా, నడిమి గొంతుతో వార్త ముగించినట్టు పోయింది. మర్నాడు పొద్దున మేమంతా టిఫిన్ సెంటర్ దగ్గరే చేరాం. ఎక్కడికి వెళ్ళాలో తోచక. సుగుణక్క పొయ్యి వెలిగించలేదు. టీవీ మాత్రం ఎవరో పెట్టారు. తెలుగు ఛానల్‌లో అక్కయ్య కనిపించింది. మెట్లు, పట్టుచీర, ముత్యాలు. ఆవిడకున్న ఒకే ఒక్క ముఖం. పెదాలు కదులుతున్నాయి. కానీ వినిపిస్తున్నది వార్తలు చదివేవాడి గొంతు. ఎన్నో చిత్రాల్లో ఎందరికో గాత్రదానం చేసిన కళాకారిణి అంటూ ఆవిడ గాత్రం మీదే ఎక్కి కూర్చుని గడగడా చదివేస్తున్నాడు.

“అరె, ఆమెను మాట్లాడనియ్యరేందిరా!” అన్నాడు యాదగిరి. అతని గొంతు వణికింది. వన్ మోర్ అనడానికి ఎవరూ లేరు.

వార్త అయిపోయింది. ప్రకటనలు వచ్చాయి. సుగుణక్క లేచి రిమోటు చేతిలోకి తీసుకుంది. “మల్ల వస్తది. అరగంటకు మల్ల వస్తది. అమ్మనే చెప్పింది,” అంది. ఎవరమూ కదల్లేదు. ఆఫీసులు, షూటింగులు, కాల్ షీట్లు ఎక్కడివక్కడే ఆగాయి.

మళ్ళీ హెడ్‌లైన్లు. మళ్ళీ మెట్లు, పట్టుచీర. సుగుణక్క కవరు మీంచే బటన్ నొక్కింది. చదివేవాడి నోరు మూతపడింది. తెర మీద అక్కయ్య లేని కాగితాలు సర్దుకుని తల ఎత్తింది. యాదగిరి చెప్పులు విప్పాడు. సుగుణక్క కొంగు దోపింది. నేను ఊపిరి పీల్చుకున్నాను.

“సిచువేషన్ ఈజ్ టెన్స్,” అన్నాం అందరం, ఏడవకుండా, నవ్వకుండా. ఆవిడ తీసుకున్నంత విరామమే తీసుకున్నాం.

“బట్ అండర్ కంట్రోల్.”

నా జీవితమంతా పెదాలు కలిసే చోటు వెతుక్కోవడమే నా పని. ఆ ‘బ’ దగ్గర ఆవిడ పెదాలు కలిశాయి. మావీ కలిశాయి.